ఫోన్‌లో వైరస్ లేదు, ఎప్పుడో నొక్కిన ‘అలో’ ఉంది

“మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి. 2 నిమిషాల్లో క్లీన్ చేయకపోతే సిమ్ కార్డు పాడైపోతుంది!” పాటలు డౌన్‌లోడ్ చేసే సైట్‌లోనో, ఫ్రీ క్రికెట్ లింక్‌లోనో ఇలాంటి పాప్-అప్ చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. మనమైతే నవ్వుకుని ట్యాబ్ క్లోజ్ చేస్తాం. ఇంట్లో అమ్మానాన్నలు అలా చేయరు. భయపడి కింద ఉన్న బటన్ నొక్కేస్తారు.

ముందుగా ఒక విషయం క్లియర్‌గా చెప్పుకుందాం. బ్రౌజర్‌లో తెరుచుకున్న వెబ్ పేజీకి మీ ఫోన్‌ని స్కాన్ చేసే వీలే లేదు. మీ ఫైల్స్, మీ యాప్‌లు తనిఖీ చేయకుండా బ్రౌజర్ దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేస్తుంది. మరి ఫోన్ మోడల్, ఊరు పేరు కరెక్ట్‌గా ఎలా చూపిస్తోంది అంటారా? మోడల్ పేరు అడిగితే బ్రౌజరే చెప్పేస్తుంది. ఊరు పేరు ఐపీ అడ్రస్ నుంచి అంచనా వేస్తారు. అందుకే బాలాపూర్‌లో ఉన్న నాకు కూడా ‘హైదరాబాద్‌లోని మీ ఫోన్’ అనే వస్తుంది. పైన తిరిగే ఆ స్కానింగ్ చక్రం ఉత్త బొమ్మ.

మా వీధిలో ఎవరికి ఫోన్ ప్రాబ్లమ్ వచ్చినా నా దగ్గరికే తెస్తారు. “రోజూ వైరస్ మెసేజ్‌లు వస్తున్నాయి తమ్ముడూ, దిల్‌సుఖ్‌నగర్‌లో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు” అని ఈమధ్యే ఒకాయన వచ్చారు. ఓపెన్ చేసి చూస్తే వైరస్ ఏమీ లేదు. క్రోమ్ నోటిఫికేషన్ల లిస్టులో మాత్రం ఆయన పేరు కూడా వినని సైట్లు బారులు తీరి ఉన్నాయి. “మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి” అని ఏదో పేజీ అడిగింది, ఆయన నొక్కారు. అంతే, ఇక ఆ సైట్ మూసేసినా అలర్ట్‌లు వస్తూనే ఉంటాయి. చూడ్డానికి ఫోనే పంపినట్టు ఉంటాయి. అన్నీ ఆఫ్ చేయడానికి నిమిషం కూడా పట్టలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ: ఇది వైరస్ సమస్య కాదు, పర్మిషన్ సమస్య. దీనికి యాంటీవైరస్ యాప్, క్లీనర్ యాప్ వేసుకోమని సలహా ఇవ్వడం ఆ మోసగాళ్ల పని మనమే చేసిపెట్టడం లాంటిది. వాళ్లు అమ్మేది భయాన్నే. అమెరికాలో విండోస్ హెచ్చరికల్లా కనిపించే పాప్-అప్‌లతో జనాన్ని భయపెట్టి రిపేర్ ప్లాన్లు అమ్మారన్న కేసులో రెస్టోరో, రీఇమేజ్ కంపెనీలు 2024లో 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. మన దేశంలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులపై కేసులు పెట్టిన సీబీఐ, 2023 అక్టోబరులో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశవ్యాప్తంగా 76 చోట్ల సోదాలు చేసింది. ఇక్కడి కాల్ సెంటర్లు విదేశీయుల్ని దోచుకున్న పద్ధతీ ఇదే. స్క్రీన్‌పై సెక్యూరిటీ అలర్ట్ లాంటి పాప్-అప్, దాని కింద ఒక ఫోన్ నంబర్. మైక్రోసాఫ్ట్ ఎప్పట్నుంచో చెబుతోంది, తమ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదని. నంబర్ కనిపించిందంటే అది ఫేక్, ఇంకేం ఆలోచించక్కర్లేదు.

ఇవి మామూలు సైట్లలోకి ఎలా వస్తున్నాయి? మా బాలాపూర్ గణేష్ లడ్డూ వేలం మీకు తెలుసు కదా. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. పాట అందరి ముందే జరుగుతుంది, పాడిందెవరో ఊరంతా చూస్తుంది. వేలంలో దిగాలంటే ముందుగా డిపాజిట్ కట్టాలి. వెబ్ పేజీలో యాడ్ వచ్చే చోటుకీ వేలమే జరుగుతుంది. కాకపోతే పేజీ తెరుచుకునేలోపు, సెకనులో పదో వంతు టైమ్‌లో అయిపోతుంది. పాడిందెవరో చూసేవాడికి తెలియదు, చాలాసార్లు సైట్ నడిపేవాడికీ తెలియదు. లడ్డూకి ఉన్నపాటి జాగ్రత్త కోట్లమంది చూసే యాడ్‌లకు లేకపోవడమే నా బాధ.

బ్రౌజర్ కంపెనీలు అస్సలు పట్టించుకోలేదని అనను. గూగుల్ 2020లోనే మోసపు నోటిఫికేషన్లు పంపే సైట్లకు అడ్డుకట్ట మొదలుపెట్టింది. 2025లో టెక్ సపోర్ట్ మోసాల పేజీలను పట్టడానికి కంప్యూటర్ క్రోమ్‌లో జెమినై నానో మోడల్‌ని, ఆండ్రాయిడ్‌లో అనుమానాస్పద నోటిఫికేషన్లపై హెచ్చరికల్ని తెచ్చింది. మంచిదే. కానీ ఇన్ని మోడల్స్ అవసరమా? ఫోన్‌లో సైట్ నోటిఫికేషన్లు మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటే సగం గొడవ ఉండదు. “ఉపయోగపడే నోటిఫికేషన్లూ ఉంటాయి కదా” అనొచ్చు. ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్, చాట్ కోసం అయితే ఒప్పుకుంటా. ఫోన్‌లో మెయిల్‌కి యాప్ ఉంది, న్యూస్‌కి యాప్ ఉంది, బ్యాంకుకీ యాప్ ఉంది. ఇక బ్రౌజర్ నోటిఫికేషన్ ఎవరికి కావాలి?

వాళ్లు ఆపేదాకా ఆగక్కర్లేదు. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. పైనున్న స్విచ్ ఆఫ్ చేయండి, లిస్టులో ముందే అనుమతి ఉన్న సైట్లను బ్లాక్ చేయండి. అక్కడే ‘పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్’ కూడా ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఫేక్ పేజీ వచ్చి బ్యాక్ బటన్ పనిచేయకపోతే కంగారు వద్దు, పేజీలో దేన్నీ ముట్టుకోకుండా రీసెంట్స్ నుంచి బ్రౌజర్‌ని పైకి తోసేయండి. కంప్యూటర్‌లో ఫుల్ స్క్రీన్ అయిపోతే ఎస్కేప్ కీ నొక్కి పట్టుకోండి. ఆ పేజీ నుంచి ఏపీకే డౌన్‌లోడ్ అయితే ఇన్‌స్టాల్ చేయకుండా డిలీట్ కొట్టండి. డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

మనం కొత్త ఫోన్ కొన్న రోజే కేస్, టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. అమ్మానాన్నల ఫోన్‌లో ఈ ఒక్క స్విచ్ ఆఫ్ చేయడం కూడా ఆ లిస్టులో చేర్చండి. యూపీఐ ఉన్న ఫోన్‌కి గ్లాస్ కంటే ఇదే ముఖ్యం.