ఇంటి బ్యాటరీ: పెద్దది కొనవలెనా?

హాలియానుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఇంటిలో 150 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీతో ఇన్వర్టరు కలదు, కొని నాలుగేండ్లయినది. అత్తగారికి ఊపిరితిత్తుల వ్యాధి. వైద్యుని యాజ్ఞచే రాత్రులందు ఆక్సిజన్ కాన్సంట్రేటరు నడుపవలసి వచ్చినది. ఉన్న బ్యాటరీ తీసివేసి లిథియం బ్యాటరీ కొనుడని దుకాణదారుడు చెప్పుచున్నాడట. చీటీ పాడి తెచ్చిన సొమ్ము చేతనున్నది గాని యది కూతురి కళాశాల జీతమునకై దాచినది. ఏమి చేయవలెనని యామె ప్రశ్న. ఇట్టి చిక్కు మఱి పెక్కిండ్లలో నుండును గావున ఇచ్చటనే సమాధానము వ్రాయుచున్నాము.

సాగరు ఆనకట్టవద్ద 815 మెగావాట్ల విద్యుత్కేంద్రము చేరువనే యుండగా హాలియాలో దీపములారుటేమని కొందఱడుగుదురు. అచ్చట పుట్టిన విద్యుత్తు పెద్ద తీగలలో కలిసి దూరదేశములకు పోవును. మన వీధిలో కరెంటు పోవుట తఱచుగా వేపకొమ్మ తీగపై పడుటవలననో, ట్రాన్స్‌ఫార్మరు చెడుటవలననో జరుగును. 2014కు పూర్వము వేళలు కట్టి తీసిన నిత్యకోతలు నేడు లేవు. ఆ దినముల జ్ఞాపకముతో బ్యాటరీ కొనరాదు. కాని వైశాఖమాసపు గాలివానలో తీగ తెగినచో తెల్లవారువఱకును రాకపోవచ్చును. మన లెక్క ఆ యొక్క రాత్రికే.

పాలవాని లెక్క తప్పు పట్టగల గృహిణికి ఈ లెక్క కష్టము కాదు. 150ని 12 వోల్టులచే గుణించిన 1800 వాట్-గంటలగును. సీసపు బ్యాటరీని సగమునకు మించి మాటిమాటికి తోడినచో దాని యాయువు క్షీణించును గావున అందులో 900 మాత్రమే మనవి. అయిదు లీటర్ల కాన్సంట్రేటరు సుమారు 350 వాట్లు తీసికొనును. పాతరకపు ఫ్యాను 75. ఈ రెంటికే 425. అనగా రెండు గంటలు. ఇన్వర్టరు తినుభాగమును, నాలుగేండ్ల వార్ధకమును తీసివేసిన ఇంకను తక్కువ. ఇక 100 ఆంపియరు-గంటల లిథియం బ్యాటరీలో 1280 వాట్-గంటలుండును, దాదాపు అంతయు వాడుకొనవచ్చును. అయినను మూడు గంటలకు మించదు. ఆఱు గంటల చీకటికి 2550 కావలెను. కూతురి జీతపు సొమ్ము దానిపై పోసినను ఆ రాత్రి తెల్లవాఱదు.

మాకు తోచు మార్గము వేఱు. బి రకపు సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ పట్టును. వైద్యుడు నిమిషమునకు రెండు లీటర్లని నిర్ణయించియున్నచో పండ్రెండు గంటలకు పైగా వచ్చును. వైద్యునితో చెప్పి యొకటి నింపించి, రెగ్యులేటరు బిగించి, పడిపోకుండ గొలుసు వేసి గదిలో నిలుపవలెను. అప్పుడు బ్యాటరీ చేయవలసినదెల్ల ఇంటివారు లేచి సిలిండరు తిప్పువఱకు యంత్రము నాగకుండ కాచుటయే. దానికి ఉన్న బ్యాటరీ చాలును. ఆ గదిలో దీపారాధన, అగరువత్తి, చుట్ట యేదియు కూడదు. దేవుని పీటను వేఱొక గదికి మార్చుటకు అత్తగారు నొచ్చుకొన్నను మార్చియే తీరవలెను.

అయితే ఇన్వర్టరు సైన్‌వేవ్ రకమా కాదా యని ముందు చూచుకొనవలెను. కానిచో కాన్సంట్రేటరులోని మోటారు వేడెక్కి చెడును. సొమ్ము ఖర్చు చేయదలచినచో దీనికే చేయుట మేలు. తరువాత ఒక పగటివేళ, రోగికి తగిలింపకుండ, యంత్రమును ఫ్యానును నడిపి మెయిన్ ఆపి గడియారము చూడుడు. గంటకు లోపుననే ఇన్వర్టరు మొఱపెట్టినచో బ్యాటరీ ముదిసినది. దాని స్థానమున అదే పరిమాణపు సీసపు బ్యాటరీ కొన్నను చాలును. లిథియమును మేము నిందింపము: నీరు పోయు పని లేదు, బరువు తక్కువ, త్వరగా నిండును, ఎక్కువ యేండ్లు మన్నును. ప్రతిదినము గంటలకొలది కరెంటు పోవు చోట అది తగును. కాని పాత ఇన్వర్టరులో దానికి తగిన చార్జింగు ఏర్పాటు లేనిచో ఇన్వర్టరు కూడ మార్చవలసి వచ్చును. ఈ సంగతి దుకాణములో చివర చెప్పుదురు.

ఇట్టి యంత్రము లేని యిండ్లవారు బ్యాటరీని విడిచి ఫ్యాన్లవైపు చూడుడు. బీయల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగును. మూడు పాత ఫ్యాన్లకు 225 అగుచోట 90తో సరిపోవును. ఉన్న బ్యాటరీయే రెట్టింపునకు మించి నడచును.

బ్యాటరీని పడమటి యెండ తగులు మెట్లక్రింద నుంచుట మన ప్రాంతమున వాడుక. వేడి పది డిగ్రీలు పెరిగిన దాని యాయువు సుమారు సగమగును. అందు పోయవలసినది డిస్టిల్డు వాటరు. వడపోత యంత్రపు త్రాగునీరు పనికిరాదు. మార్చునపుడు పాతదానిని దుకాణముననే యిచ్చి, దాని సీసమునకు తగిన వెల బిల్లులో తగ్గించుమని యడుగుడు. లోపలి యామ్లమును పెరటిలో పారబోయు పాతసామానులవానికి మాత్రమీయకుడు.