బొంత మూలలు తిన్నగా ఉండాలంటే



పాత నూలు చీరలు పొరలుగా పరచి బొంత కుట్టుకోవడం మన పల్లె ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్నదే. కుట్టినప్పుడు చక్కగా ఉన్న బొంత నాలుగు ఉతుకులయ్యేసరికి ఒక మూల సాగి, మరో మూల ముడుచుకోవడం చూస్తుంటాము. చాలాసార్లు లోపం కుట్టులో ఉండదు, కొలతలో ఉంటుంది.

గుడ్డలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా నడుస్తాయి. ఆ దారాల వెంబడి లాగితే గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా, అంటే టైలర్లు చెప్పే క్రాస్‌గా లాగితే వెంటనే సాగుతుంది. గనుక ముక్కలను దారం వెంబడే కత్తిరించాలి. గుడ్డలోనుండి ఒక్క దారం లాగితే సన్నని గీత కనబడుతుంది. కత్తెర ఆ గీత మీదనే నడవాలి. కొత్త గుడ్డ కలిపేటట్లయితే ముందుగా తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తరువాత అది కుంచించుకుపోయి పక్కనున్న పాత గుడ్డను లాగేస్తుంది.

బొంత అంతా కుట్టిన తరువాత, అంచు పట్టీ వేయకముందే మట్టం చూడాలి. చదును నేలపై పరచి, లాగకుండా అరచేతితో సర్దండి. ఎదురెదురు పక్కలు సమానమో కాదో కొలవండి. తరువాత మూలనుండి ఎదురు మూలకు పురికొస పట్టి రెండు ఐమూలలూ కొలవండి. 6 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గల బొంతకు రెండు ఐమూలలూ ఏడున్నర అడుగులు రావాలి. మేస్త్రీలు పునాదికి 3, 4, 5 అడుగులతో మూలమట్టం చూసే లెక్క కూడా ఇదే.

తేడా వస్తే తొందరపడి కత్తిరించకూడదు. ఆ పొరల్లో అమ్మ చీరో, అమ్మమ్మ చీరో ఉంటుంది. కత్తెర పడిన గుడ్డ మళ్ళీ రాదు. బొంతను కాస్త తడిపి, పొట్టిగా ఉన్న ఐమూలను ఇద్దరు చెరొక మూల పట్టుకొని మెల్లగా లాగి, నేలమీదనే ఆరనివ్వండి. చాలావరకు సర్దుకుంటుంది. మిగిలిన కొంచెమే గీత గీసి కత్తిరించాలి.

ఇక అంచు పట్టీ. దాని పొడవు బొంత అంచున కొలవకూడదు, ఎందుకంటే అంచు సాగి ఉంటుంది. బొంత నడిమధ్యన కొలిచి, ఎదురెదురు పక్కలకు ఒకే పొడవు పట్టీలు తీయండి. ముందు మధ్యన, తరువాత రెండు కొసల గుండుసూదులు గుచ్చి, మిగిలిన గుడ్డను సమంగా సర్దుతూ కుట్టండి. అప్పుడు అంచు అలలుగా లేవదు. ఎన్ని ఉతుకులైనా బొంత ఆకారం నిలుస్తుంది.