దోమతెర - మన కర్తవ్యము

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. చెడుగాలివలన చలిజ్వరము వచ్చునను పాతభ్రాంతిని పారద్రోలిన సాక్ష్యము మన గడ్డమీదనే దొరకినది. అయినను వానలు పడినంతనే మన మన్యమునందు నేటికిని ఆ జ్వరము తలయెత్తుచునే యున్నది. శత్రువు తెలిసియు, ఆయుధము తెలిసియు దెబ్బతినుట కంటె విచారకరమైన దేమున్నది?

మలేరియాను మోయు అనాఫిలిస్ ఆడుదోమ ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమయు రాత్రివేళనే కుట్టును. కావున మనము ఒడలెఱుగక నిద్రించు సమయమే ప్రమాదసమయము. వేపాకు పొగయు దోమబత్తియు కొంత యుపశమనము నిచ్చును గాని, మూసిన గదిలో రాత్రియంతయు పొగ పీల్చుట ఊపిరితిత్తులకు హానికరము. నిద్రించువానికిని దోమకును నడుమ తెల్లవార్లు కావలి కాయునది తెరయే. డెంగీ దోమ పగటివేళ కుట్టును గనుక పగలు నిద్రించు పసిబిడ్డలకును తెర కట్టవలెను.

మందు పట్టించిన తెరలను ప్రభుత్వము మన్యగ్రామములందు ఉచితముగా పంచుచుండుట శ్లాఘనీయమే. కాని పట్టికలో వ్రేలిముద్ర పడినంతమాత్రమున బిడ్డకు రక్షణ కలుగదు. ఇంటిలోని మనుష్యులను, పడకలను లెక్కించి, సుమారు ఇద్దరికొకటి చొప్పున తెరల నీయవలెను. పోడుచేలకు కాపలాపోయి మంచెలమీద రాత్రులు గడుపువారికి వేఱొక తెర యుండవలెను. ఈ తెరల బలము ఇంచుమించు మూడేండ్లు నిలుచును. ఆ గడువు తీరకమున్నే, వానకాలమునకు ముందే, క్రొత్తవి చేర్చవలెను.

ప్రజల బాధ్యతయు తక్కువది కాదు. తెర యంచులను పరుపు క్రిందికో చాప క్రిందికో దోపవలెను. చిరుగులను వెంటనే కుట్టుకొనవలెను. తెరను మెత్తని సబ్బుతో ఉదికి నీడను ఆరవేయవలెను. చెఱువులో ఉదుకరాదు, అందలి మందు చేపలకు విషము. దానిని చేపలు పట్టుటకును, పెరటికి దడిగాను వాడుట బిడ్డ నోటికూటిని అమ్ముకొనుట వంటిది.

2030 నాటికి మలేరియాను నిర్మూలింప దేశము సంకల్పించినది. పంచిన తెరలెన్ని యని అధికారులు చెప్పుచుందురు. నిన్నటి రాత్రి తెరక్రింద నిద్రించిన బిడ్డ లెందఱని ప్రజలు, ప్రజాప్రతినిధులు అడుగవలెనని మా మనవి. ఆ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము వచ్చుదనుక ఈ విషయమున ఎవ్వరును నిశ్చింతగా నిద్రింపరాదు.