మాజీ సైనికుడి నైపుణ్యానికి పౌర జీవితంలో చోటెక్కడ?

భారత సైన్యంలో 2022కు ముందు సిపాయిగా చేరినవారు పింఛనుకు అవసరమైన కనీస సేవాకాలం 15 ఏళ్లు పూర్తిచేసి, మరికొద్ది ఏళ్లకే, అంటే 35 నుంచి 40 ఏళ్ల వయసులోనే విరమణ పొందుతారు. పౌర ఉద్యోగాల్లో అదే వయసు పదోన్నతులకు, పెరిగే బాధ్యతలకు ఆరంభం. కుటుంబంలో పిల్లల చదువులకు, తల్లిదండ్రుల వైద్యానికి ఖర్చులు ఎక్కువయ్యే కాలమూ అదే. త్రివిధ దళాల నుంచి ఏటా దాదాపు 60 వేల మంది ఈ దశలో బయటికి వస్తున్నారు. యుద్ధ సన్నద్ధతకు సైన్యం సగటు వయసును తక్కువగా ఉంచక తప్పదు గనుక ఈ ముందస్తు విరమణను తప్పుపట్టడానికి లేదు. కానీ దేశ అవసరం కోసం నడివయసులోనే ఇంటిదారి పట్టిన మనిషి, ఇంకా రెండు దశాబ్దాలకు పైగా పనిచేయగల సత్తాను ఏ వృత్తిలో సార్థకం చేసుకోవాలన్న ప్రశ్నను ఒంటరిగా ఎదుర్కోవలసి రావడం మాత్రం న్యాయం కాదు.

ఈ ప్రశ్నకు ప్రభుత్వం ప్రధానంగా కోటాల రూపంలో జవాబిచ్చింది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం, ప్రభుత్వరంగ సంస్థల్లోను, బ్యాంకుల్లోను అదే స్థాయి కొలువుల్లో 14.5 శాతం మాజీ సైనికుల వర్గానికి కేటాయించారు. విరమణ తరువాతి ఉపాధి శిక్షణను రక్షణ మంత్రిత్వ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. అయినా కేటాయించిన శాతానికీ, నిజంగా కొలువుల్లో కుదురుకున్నవారి సంఖ్యకూ మధ్య అంతరం చాలా పెద్దది. పదిహేనేళ్లకు పైగా సరిహద్దుల్లో, శిబిరాల్లో గడిపిన వ్యక్తి వయో సడలింపుతో పోటీపరీక్షకు అర్హత పొందగలడే గానీ, ఆ పరీక్ష కొలిచే పుస్తక పరిజ్ఞానంలో సాధన చేసే తీరిక అతనికి ఏనాడూ దొరకలేదు. ఇక ప్రైవేటు రంగంలో అతని కోసం సులువుగా తెరుచుకునేది కాపలా ఉద్యోగం. ప్రైవేటు భద్రతా సంస్థలను నియంత్రించే 2005 నాటి చట్టమే నియామకాల్లో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. మేలు కోరి చేసిన ఏర్పాటే అయినా, సైనికుడంటే కావలివాడన్న భావనకు అది బలం చేకూర్చింది. కాపలా పని గౌరవప్రదమైనదే. అన్యాయమల్లా వేరే విద్య తెలిసినవారికి కూడా అదొక్కటే మిగలడంలో ఉంది.

సైన్యం నిజానికి వందలాది వృత్తుల సముదాయం. ఒక్కొక్క సైనికుడికి సాయుధ శిక్షణతో పాటు ‘ట్రేడ్’, అంటే ప్రత్యేకమైన పని, ఉంటుంది: వాహనాల మరమ్మతు, రేడియో సంకేతాల నిర్వహణ, గిడ్డంగుల లెక్కలు, రోగుల సంరక్షణ, వంతెనల నిర్మాణం. సికింద్రాబాద్‌లోని సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీరింగ్ కళాశాల వంటి సంస్థలు ఇచ్చే శిక్షణ ఏ సాంకేతిక విద్యాలయానికీ తీసిపోదు. అయితే విరమణనాడు చేతికి వచ్చే డిశ్చార్జి పుస్తకంలో ఈ అనుభవమంతా సైనిక పరిభాషలో నమోదై ఉంటుంది గనుక, దాన్ని చదివిన కర్మాగారం యజమానికి ఆ వ్యక్తి ఏ యంత్రాన్ని విప్పి బిగించగలడో అర్థం కాదు. పర్వత ప్రాంతాల్లో క్షతగాత్రులకు ఏళ్ల తరబడి సపర్యలు చేసిన నర్సింగ్ అసిస్టెంటును సైతం నర్సింగ్ కౌన్సిల్ గుర్తించే అర్హత లేనిదే ఆసుపత్రి నర్సుగా తీసుకోలేదు. చేతిలో పని ఉండి, దానికి పత్రం లేకపోవడమే ఈ సమస్యలో అత్యంత బాధాకరమైన భాగం.

జీతం సంగతి తేలినా సంతృప్తి సంగతి మిగిలే ఉంటుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ మోస్కోస్ 1977లో సైనిక జీవితాన్ని విశ్లేషిస్తూ ‘సంస్థ’, ‘వృత్తి’ అనే రెండు నమూనాలను ప్రతిపాదించాడు. మొదటిది కర్తవ్యం, ఉమ్మడి విలువల ఆధారంగా నడిచేది. రెండోది జీతానికి శ్రమను మార్పిడి చేసుకునే మార్కెట్ సూత్రాన్ని అనుసరించేది. ఆ విభజనను భారత సిపాయికి అన్వయిస్తే, యూనిట్ అనే కుటుంబాన్ని, స్పష్టమైన హోదాను, తన పని అవసరమన్న నమ్మకాన్ని ఒక్కరోజులో వదిలి అతడు మొదటి లోకం నుంచి రెండో లోకంలోకి అడుగుపెడుతున్నాడని తెలుస్తుంది. 1975లో సైన్యం నుంచి మహారాష్ట్రలోని రాలేగణ్ సిద్ధికి తిరిగివచ్చిన అన్నా హజారే కరవుతో కుంగిన ఆ ఊరిని వాన నీటి సంరక్షణ పనులకు కూడగట్టిన తీరు ఇక్కడ గమనించదగినది. ఆయన తరువాతి రాజకీయ ఉద్యమాలపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ తొలి కృషిలో సైనిక క్రమశిక్షణకు గ్రామంలోనే ఒక ఉమ్మడి లక్ష్యం దొరికింది. తరతరాలుగా సైన్యానికి యువకులను పంపి ‘మిలటరీ మాధవరం’గా పేరొందిన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామం వంటి చోట్ల, తిరిగివచ్చినవారి సామర్థ్యాన్ని పంచాయతీలు, సహకార సంఘాలు, విపత్తు సహాయక వ్యవస్థలు ఇలా వినియోగించుకునే వీలు పుష్కలంగా ఉంది.

విధానపరంగా చదువుకు మించిన మార్గం కనిపించదు. అమెరికా 1944లో చేసిన, జి.ఐ. బిల్లుగా ప్రసిద్ధమైన చట్టం కింద 1956 నాటికి దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కళాశాలల్లో చేరారు. ఏ చదువు చదవాలో ఎంచుకునే హక్కు వారికే దక్కింది. భారతదేశంలో ఈ దిశగా పడిన మంచి అడుగుల్లో ఒకటి తెలుగునేల మీదే పడింది: సర్వీసులో ఉన్నవారు ఉన్నత విద్య అభ్యసించేందుకు నౌకాదళం, వైమానిక దళం 2020లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంతో ఒప్పందాలు చేసుకున్నాయి. విరమణకు నెలల ముందు హడావిడిగా ఇచ్చే శిక్షణ కంటే, సేవాకాలం పొడవునా సాగే ఇటువంటి చదువే మనిషిని రెండో జీవితానికి నిజంగా సిద్ధం చేస్తుంది.

అగ్నిపథ్ పథకం ఈ సిద్ధపాటుకు ఉన్న వ్యవధిని బాగా కుదించింది. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకం ప్రకారం అగ్నివీరులు నాలుగేళ్లు పనిచేస్తారు. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందికే శాశ్వత సేవలో అవకాశం. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి దక్కుతుంది గానీ పింఛను ఉండదు. ఆ నెలలోనే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో చెలరేగిన ఆందోళన హింసకు, పోలీసు కాల్పులకు, ఒక యువకుడి మరణానికి దారితీసింది. హింసను సమర్థించనక్కరలేదు గానీ, దాని వెనుక ఉన్న భవిష్యత్ భయం కల్పితం కాదు. తొలి బృందాల గడువు 2026 చివరి నుంచి నిండుతుంది. కేంద్ర బలగాల్లో కోటాలు కొందరికే సరిపోతాయి కాబట్టి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ఈ యువకుల ట్రేడ్‌లను ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్ అర్హతలతో పోల్చి, తక్కువపడిన పాఠాలను మాత్రమే స్వల్పకాలిక కోర్సులుగా బోధించి, ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్యామండళ్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు కలిసి ఆలోగానే చేయవలసి ఉంది.