నలుగురికీ తెలిసిన గుట్టు

గృహహింస ఫిర్యాదు పోలీస్‌స్టేషన్ గడప ఎక్కేసరికి, ఆ ఇంట్లో అది మొదటి దెబ్బ కావడం అరుదు. అంతకు చాలాముందే ఊళ్లో కొందరికి సంగతి తెలుస్తుంది. అయినా ఆగదు. ఎందుకని?

శ్రీకాకుళం తీరంలోనో, విజయనగరం తీరంలోనో ఓ ఇల్లు అనుకోండి. మగమనిషి చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తర్వాత తిరిగొచ్చాడు. వారం తిరక్కుండానే ఇంట్లో రభస. ఆమె చేతిమీద కమిలిన మచ్చ ఏఎన్ఎం కంటపడింది. ‘ఏటమ్మా ఇది?’ అంటే, ‘బావికాడ జారిపడిపోనానమ్మా’ అంది. పిల్లాడు అన్నం ముట్టకుండా మూల కూర్చుంటున్నాడని అంగన్‌వాడీ టీచరుకు తెలుసు. రెండు నెలలుగా పొదుపు కట్టలేదని డ్వాక్రా సంఘం లీడరుకు తెలుసు. రాత్రి కేకలు పక్కింటికి వినిపిస్తూనే ఉన్నాయి. తలా ఒక ముక్క తెలుసు. ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని ఎవరి ముక్క వాళ్లు కొంగున ముడేసుకున్నారు.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేరే దారి 2005 నాటి గృహహింస చట్టంలో ఉంది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకు రక్షణాధికారి బాధ్యత అప్పగించారు. బాధితురాలే వెళ్లి చెప్పాలని లేదు. హింస జరుగుతోందని, జరగబోతోందని నమ్మిన ఎవరైనా చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

ఆ తర్వాత పని రక్షణాధికారిది. సంఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి, ప్రతిని పోలీసులకు ఇవ్వాలి. ఉచిత న్యాయ సహాయం, వైద్యం, అవసరమైతే తలదాచుకునే చోటు చూపాలి. మేజిస్ట్రేటుకు దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు తొలి విచారణ, ఆపై 60 రోజుల్లో పరిష్కారానికి ప్రయత్నం జరగాలి. ఇల్లు భర్త పేరిట ఉన్నా ఆమెను గెంటేయకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2015లో మొదలైన సఖి వన్‌స్టాప్ కేంద్రాల ఉద్దేశం కూడా ఇదే. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరకాలి. ఫోను చేయాల్సిన నంబరు 181.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లోనే ఇలాంటి ప్రయత్నం మొదలైంది. ప్రాణాపాయం ఎక్కువున్న కుటుంబాల గురించి పోలీసులు, వైద్య సిబ్బంది, ఇతర శాఖలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తలా తెలిసింది చెప్పి, ఎవరేం చేయాలో పంచుకునేవారు.

అలాగని నలుగురూ కలవడమంటే రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టడం కాదు. భర్తను పక్కన కూర్చోబెట్టి అడిగితే ఆమె మళ్లీ బావి కథే చెబుతుంది. ఒంటరిగా అడగాలి. ఏం కావాలో ఆమెనే చెప్పనివ్వాలి. ఆ మాట టీకొట్టు దాకా పాకితే రాత్రికి దెబ్బలు రెట్టింపవుతాయి. ‘సర్దుకుపో తల్లీ’ అని పంపేయడం సాయం కాదు, తర్వాతి దెబ్బకు వాయిదా అంతే.

నెలనెలా టీకాల రోజున ఏఎన్ఎం, ఆశ, అంగన్‌వాడీ టీచరు ఎలాగూ కలుస్తారు. పిల్లల బరువులు రాసుకుంటారు. ఆ పని అయ్యాక, అవతలివాళ్ల చెవిన పడకుండా ఓ ప్రశ్న వేసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు: ఈ నెలలో ఏ తల్లి ‘జారిపడింది’?