అకౌంటెంట్ ఉద్యోగమంటున్నారు, వీసాలో ఏం రాశారు?

బీకాం చదివి, ట్యాలీ నేర్చుకుని గల్ఫ్‌లో ఆఫీసు ఉద్యోగం వెతుకుతున్నారా? గిరాకీ అయితే ఉంది. 2018 జనవరి 1న యూఏఈ, సౌదీల్లో 5 శాతం వ్యాట్ వచ్చింది. సౌదీ 2020 జులైలో దాన్ని 15 శాతం చేసింది. యూఏఈలో 2023 జూన్ నుంచి కార్పొరేట్ ట్యాక్స్ కూడా మొదలైంది. రిటర్న్ ఆలస్యమైతే జరిమానా. అందుకే చిన్న ట్రేడింగ్ కంపెనీ కూడా లెక్కలు తెలిసిన మనిషి కోసం చూస్తోంది.

సౌదీ సంగతి వేరు. ఐదుగురు, అంతకు మించి అకౌంటెంట్లున్న సంస్థల్లో 2025 అక్టోబర్ నుంచి 40 శాతం సౌదీయులే ఉండాలి, దశలవారీగా అది 70కి పోతుంది. విదేశీ అకౌంటెంట్ సోక్పాలో నమోదు కూడా చేసుకోవాలి.

ఇక ఏజెంట్ల పాత పాట ఒకటుంది: "ముందు క్లీనర్ వీసా మీద పోండి, వెళ్లాక మార్పిస్తాం." నమ్మకండి. రేపు జీతం దగ్గర గొడవొస్తే చూసేది కాంట్రాక్టులో రాసిన పనినే, మీరు కూర్చున్న కుర్చీని కాదు.

యూఏఈకైతే డిగ్రీని మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీల్లో అటెస్ట్ చేయించండి. ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం కాదు, బేసిక్ చూడండి. ఏడాది నిండాక గ్రాట్యుటీ లెక్క కట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజులు. జీతం 3,000 దిర్హాములైనా బేసిక్ 1,000 అని రాస్తే, ఏడాదికి మీకొచ్చేది 700 దిర్హాములే.