గద్దెను మోసిన గడీలు

సెప్టెంబరు 17వ తేది సమీపించినప్పుడెల్ల మన తెలంగాణ రాష్ట్రమున ఒక వింత వ్యాజ్యము తలయెత్తుచున్నది. 1948లో నిజాము లొంగిన ఆ దినమును విమోచనమనవలెనా, విలీనమనవలెనా, విద్రోహమనవలెనా అని పార్టీలు ఏటేట వాదులాడుకొనుచున్నవి. 2022లో రాష్ట్ర ప్రభుత్వము దానిని జాతీయ సమైక్యతా దినమనగా, కేంద్ర ప్రభుత్వము అదే హైదరాబాదు నగరమున విమోచన దినమును జరిపినది. అధికారము చేతులు మారిన పిమ్మట 2024లో అది ప్రజాపాలన దినమైనది. నామకరణములు ఇన్ని జరిగినవి గాని, ఆనాడు కూలినదేమి, అది అన్నాళ్లు దేనిపై నిలిచినది, కూలిన పిమ్మట దాని ఆస్తిని ఎవరు పంచుకొనిరి అను ప్రశ్నలు ఏ వేదికపైనను వినబడుట లేదు. అడిగినచో అన్ని పక్షములకును ఇబ్బంది కలుగునని మా అనుమానము.

మా అభిప్రాయమును దాచక చెప్పెదము. హైదరాబాదు నిజాముల అసఫ్‌జాహీ ప్రభుత్వము నిరంకుశ ప్రభుత్వము; దానిని స్వర్ణయుగమని కీర్తించుట అసత్యము. అయితే ఆ నిరంకుశత్వమునకు మూలము ఒక మతమని చెప్పుటయు అంతే అసత్యము. పైన పరాయి సైన్యము, నడుమ రాజు ఫర్మాను, అడుగున ఊరి దొర గడీ, ఈ మూడును ఒకదాని నొకటి పట్టుకొని నిలిచినవి. దోపిడిలో వంతు పొందినవారందరును ఆ గద్దెకు బోయీలే.

మొదట పైమెట్టును చూతము. 1798, 1800 సంవత్సరముల సంధులతో నిజాము తన రక్షణభారమును ఈస్టిండియా కంపెనీ కప్పగించి, ఆ సైన్యపు ఖర్చుక్రింద రాయలసీమను ధారపోసెను. ఆ జిల్లాలకు దత్తమండలములను పేరు అట్లు వచ్చినదే. కోఠీలో రెసిడెంటు కొలువుదీరెను, సికింద్రాబాదున దండు దిగెను. 1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఆ రెసిడెన్సీపై దండెత్తినప్పుడు ఆంగ్ల దొరతనము పక్షమున నిలిచినవాడు నిజాము దివానే. మొదటి ప్రపంచయుద్ధమున సమర్పించుకొన్న ధనమునకు బదులుగా ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారికి విశ్వాసపాత్రుడగు మిత్రుడను బిరుదు పొందెను. ఆ మిత్రుడే బేరారు ప్రాంతమును తిరిగి కోరుచు సమానునివలె మాటాడబోగా, 1926 మార్చిలో వైస్రాయి లార్డు రీడింగు లేఖ వ్రాసి, ఈ దేశమున సార్వభౌమాధికారము బ్రిటిషు చక్రవర్తిది మాత్రమేనని ఖండితముగా తెలియజెప్పెను. పైవానికి ఇట్లు తలవంచినవాడే క్రిందివారికి సర్వాధికారి. బయటి శత్రువు భయము లేని రాజునకు లోపలి ప్రజల ప్రీతితో పని లేకపోయెను.

అడుగుమెట్టు ఇంతకంటె ముఖ్యమైనది. చరిత్రపాఠములలో మిక్కిలి పలుచగా కనబడునదియు ఇదే. మొదటి సాలార్‌జంగు 1853లో దివానై, శిస్తు గుత్తలను రద్దుచేసి, జిల్లాల పాలనను నెలకొల్పెను. అది మంచి సంస్కరణమే. కాని పూర్వము శిస్తు వసూలుచేసిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు పరిహారముగా రుసుములు ఏర్పడినవి; సర్వేయు బందోబస్తును జరిగినప్పుడు దస్తరములు వారి చేతను, వారి మాట జవదాటని పట్వారీల చేతను ఉండుటవలన, తాతలనాటినుండి దున్నుకొనుచున్న చెలక ఎప్పుడు దొర పేర పట్టాకెక్కినదో రైతునకు తెలియనే లేదు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డికి 40,000 ఎకరములు, సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథమున లెక్క చెప్పిరి. ఇట్టి దొర గడీకి చాకలి బట్టలుతికి, నీరు మోసి, వంటకు సాయపడవలెను, కుమ్మరి కుండలీయవలెను, గొల్లవాడు గొఱ్ఱెపోతు నప్పగింపవలెను, మాదిగ చెప్పులు కుట్టుటయేగాక మోటబొక్కెనలు చేయవలెను, గడీ కబురు పొరుగూరికి మోయవలెను, ఊరి రైతు తన పొలము బీడుపడినను ముందుగా దొర పొలమున నాగలి కట్టవలెను. ఇవన్నియు వెట్టి. అప్పు తీర్చలేనివాడు భగేలాగా తరతరముల జీతమునకు కుదిరెను. ఈ భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు 1936లో ఒక చట్టము వచ్చినమాట నిజమే. వెట్టిని నిషేధించు ఉత్తర్వులును వెలువడినవి. అయితే వానిని అమలుజరుపవలసిన పోలీసు అమీను ఊరికి వచ్చినచో బస చేయునది గడీలోనే, భోజనము చేయునదియు గడీలోనే. ఫిర్యాదుచేయువాడు ఏ గుమ్మము నెక్కవలెను?

నిజాము తన కొత్వాలును ప్రతి పల్లెకును పంపనక్కర లేకపోవుటకు ఇదియే కారణము. నీ బాంచెను కాల్మొక్త దొరా అను మాట ఊరూర నాలుకలపై నిలిచినంతకాలము హైదరాబాదున గద్దె కదలలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్బంధ లెవీ ధాన్యపు వసూలు వచ్చినది; దొర గాదె నిండియుండగా పేదరైతు విత్తనపు గింజలు కూడ కొలిచి పోసెను. సహనమునకు మేర తప్పినది అప్పుడే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలుభూమి పంటను దేశ్‌ముఖు మనుష్యులకు దక్కనీయలేదు. 1946 జులై 4న కడవెండిలో గడీనుండి వచ్చిన తుపాకిగుండునకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. రాజుపై సాయుధపోరాటమని మనము చెప్పుకొనునది నిజమునకు దొరపై ఆరంభమైనది.

నడుమనున్న ఫర్మాను పని నోరు మూయుట. సంస్థానమున సగమునకు సమీపముగ తెలుగువారు, తరువాత మరాఠీలు, కన్నడిగులు; కచ్చేరీ భాషయు ఉన్నత విద్యాభాషయు మాత్రము ఉర్దూ. 1921 నవంబరున హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సంఘసంస్కరణ సభయందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభలోనివారే గేలిచేసిరి. ఆ అవమానమునుండి పుట్టినదే ఆంధ్రజనసంఘము. పిమ్మట గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వుతో అనుమతి లేని సభలు నేరములైనవి. గ్రంథాలయమును, వ్యాయామశాలను కూడ అధికారులు అనుమానముతో చూచిరి. 1930లో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ప్రథమ ఆంధ్రమహాసభ కూడుటయే ఒక సాహసము. 1938లో స్టేటు కాంగ్రెసు పూర్తిగా రూపుదాల్చకమునుపే నిషేధమునకు గురియైనది. ఆ ఏడే ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను బహిష్కరింపగా, వారు చదువు కొనసాగించుటకు నాగపురము పోయిరి.

ఇక మతమునుగూర్చి. కొందరు మిత్రులు ఇది హిందువులపై ముస్లిముల పాలన యనుచున్నారు. అట్లయినచో దీర్ఘకాలము ప్రధానమంత్రిత్వము నెఱపిన మహారాజా కిషన్ పర్షాదు ఎవరు? పదునాలుగేండ్లు నగర కొత్వాలుగా నుండిన రాజబహద్దూరు వెంకటరామారెడ్డి ఎవరు? గడీలలోని దేశ్‌ముఖులలో అత్యధికులు ఏ మతమువారు? మఱి విసునూరు దొరతో కోర్టులో పోరాడి గెలిచిన పిమ్మట దారికాచినవారి గొడ్డళ్లకు బలియైన కామారెడ్డిగూడెపు షేక్ బందగీ ఎవరు? ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ సంస్థానము భారతదేశమున చేరవలెనని ఉర్దూలో వ్రాసినందుకు, 1948 ఆగస్టు 22వ తేది వేకువకుముందు, కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా రజాకార్లను సాయుధ దండువారు అతనిని కాల్చి, చేయి నరికిరి. పత్రికావృత్తిలో నున్న మేము ఆ పేరును మరచుట కృతఘ్నత. అదే నెల 27న భైరాన్‌పల్లిలో ఊరివారిని వరుసగా నిలిపి కాల్చినది ఆ రజాకార్లును, నిజాము పోలీసులును కలిసియే. లాతూరు వకీలగు ఖాసిం రజ్వీ మతము పేర కూడగట్టిన ఈ దండు, సామాన్య ముస్లిమునకు మీరే పాలకులు అను మత్తుమందు నిచ్చినది. అధికారము అతనికెన్నడును దక్కలేదు, ఫలితమును మాత్రము అతడే అనుభవించెను.

నిజాము కట్టించిన ఉస్మాన్‌సాగరును, నిజాంసాగరును, ఉస్మానియా ఆసుపత్రిని చూపి మమ్ము నిలదీయువారున్నారు. ఆ నీరు త్రాగిన నగరమువారము మేము కాదనజాలము. 1908 మూసీ వరద పిమ్మట విశ్వేశ్వరయ్య సలహాతో సాగిన ఉస్మాన్‌సాగరు నిర్మాణము ఏ ప్రభుత్వమునకైనను గర్వకారణమే. కాని ఆ కట్టడములతోపాటు లెక్కలును చూడవలెను. సంస్థానపు భూమిలో పదవవంతు సర్ఫెఖాసు, అనగా నిజాము స్వంతము. మఱి యించుమించు మూడవవంతు జాగీర్లు, సంస్థానములు, పాయిగాలు అను కులీనుల వంతు. మా మన్సూరాబాదు, హయత్‌నగరు, సరూర్‌నగరు వైపు నగరమును చుట్టియున్న అత్రాఫె బల్దా జిల్లా ఆదాయము రాజుగారి స్వంత ఖజానాకు చేరునట్టిది. నేడు వనస్థలిపురము ప్రక్క 3,700 ఎకరములకు పైబడి కృష్ణజింకలు తిరుగాడు హరిణ వనస్థలి ఒకనాడు ఆయన వేటమైదానము. ప్రాతఃకాలమున ఆ పచ్చదనమును చూచి, నిజాము మన కెంత మంచి అడవిని మిగిల్చెనని మెచ్చుకొను మా కాలనీల పెద్దలతో మాకు జగడము లేదు. ఒక మనిషి వేటకు అంత నేల యుండగా వేల కుటుంబములకు మడిచెక్క లేకపోయెనను సంగతిని కూడ తమ మనుమలకు చెప్పవలెనని మాత్రము మనవి.

నిరంకుశుడు తన సరిహద్దులలోనే కీడుచేసి ఊరకుండడు. 1947 నవంబరు 29న భారతదేశముతో యథాతథ ఒప్పందముపై సంతకము చేసిన నిజాము, భారత ప్రభుత్వ ఋణపత్రములలో 20 కోట్ల రూపాయలను పాకిస్తానునకు అప్పుగా నిచ్చెను. సిడ్నీ కాటన్ అను విమానచోదకుడు రాత్రులయందు ఆయుధములను దింపుచుండెను. అటు కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామములు రజాకార్ల దాడులకు గురియైనవి. మధిర, హుజూర్‌నగరు వైపునుండి జనము బెజవాడకు పరుగెత్తినది. ఆ పట్టణము కాందిశీకులకును, పోరాట శిబిరములకును, నిషిద్ధ పత్రికలకును ఆశ్రయమైనది. కృష్ణా జిల్లా నడుమ దీవివలె నున్న నిజాము పరగణా పరిటాల ప్రజలు తమది స్వతంత్ర గణతంత్రమని ప్రకటించుకొనిరి. ఆ సంక్షోభపు చివరి తునక లండనులో తేలినది: 1948 సెప్టెంబరున అచ్చటి వెస్ట్‌మినిస్టరు బ్యాంకున పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు చేరిన నిజాము ప్రభుత్వపు పదిలక్షల పౌండ్లు వడ్డీతో మూడున్నర కోట్లయి, 2019 అక్టోబరు వరకు వ్యాజ్యములో నలిగినవి.

కడకు ఆ గద్దె ఐదు దినములలో కూలినది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించినది, 17న నిజాము లొంగినాడు. రెండు శతాబ్దములకు పైబడిన ప్రభుత్వము ఇంత తేలికగా కూలుటకు సైన్యబలమొక్కటే కారణము కాదు. 1947 ఆగస్టున బ్రిటిషువారు వైదొలగుటతో పై అండ పోయినది. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో దొరలు గడీలు విడిచి పట్టణములకు పారిపోవుటచే అడుగు అంతకుముందే కదలినది. రష్యా, ఇరానుల అండతో పదమూడేండ్ల అంతర్యుద్ధమును గడచిన సిరియా అసదు, ఆ అండ అందని 2024 డిసెంబరు 8న డమాస్కసు విడిచి పలాయనము చేయుటలో మాకు ఆశ్చర్యము కలుగకపోవుటకు ఈ దక్కను అనుభవమే కారణము.

తరువాతి కథను చెప్పుటకు ఏ పార్టీయు ఇష్టపడదు. మరాఠ్వాడాలోను ఇతర జిల్లాలలోను ముస్లిములపై ప్రతీకార హత్యలు సాగినవి. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము, మృతులు తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 అని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. పారిపోయిన దొరలు సైన్యము వెనుక, గాంధీటోపీలతో ఊళ్లకు తిరిగివచ్చిరి. రైతులు పంచుకొన్న భూములు పెక్కుచోట్ల మరల గుంజుకొనబడినవి. 1951 అక్టోబరు వరకు తుపాకులు ఆ రైతులపైకే తిరిగినవి. నిజాము? ఏటా 50 లక్షల రాజభరణము, సర్ఫెఖాసునకు బదులుగా 25 లక్షలు, రాజభవనముల పోషణకు 25 లక్షలు పొంది, 1950నుండి 1956వరకు రాజప్రముఖుడై వెలసెను. అణచినవానికి గౌరవము, అణగినవానికి జైలు. దీనికి విమోచనమను పేరు నిస్సంకోచముగా పెట్టువారు ఐలమ్మ ఊరికి పోయి ఆ మాట చెప్పి చూడవలెను.

కావున పేరునుగూర్చిన పోరు చాలించుడు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున అసఫ్‌జాహీ దస్తరములు, ఫర్మానులు ఉర్దూ, ఫారసీ భాషలలో ఉన్నవి. వానిలో వెట్టి, గస్తీ ఉత్తర్వులు, భూముల బందోబస్తు, రజాకార్ల చర్యలకు సంబంధించినవానిని ఏరి, తెలుగులోనికి అనువదించి, ఎవరైనను చదువుకొనునట్లు ప్రకటింపవలెను. సుందరలాల్ నివేదికను ప్రభుత్వమే తెలుగున అచ్చువేయవలెను. పదవతరగతి పాఠమున బందగీ, కొమరయ్య, షోయబుల్లా ఒకే పుటలో కనబడవలెను. ఈ పనులకు పార్టీలు ఏకము కానక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలును. రానున్న సెప్టెంబరు 17న జెండా ఎగురవేయు మంత్రి ఏ పార్టీవాడైనను, ఆ వేదికనుండియే ఆ ఉత్తర్వును చదువవలెనని డిమాండు చేయుచున్నాము; చదువనిచో, రాష్ట్రమంతటి ఓటరులు ఆయనను నిలువరించి అడుగవలెనని విజ్ఞప్తి చేయుచున్నాము.